ఆరో భాగంలో దొర్లిన తప్పు

లింబాద్రి సారు తన గొంతు రేడియోలో వచ్చేటప్పుడు ఇంట్లో రేడియో పెట్టుకునేవాడు కాదు. తన మాట తాను వినడం ఆయనకు అద్దం ముందు నోరు తెరిచి పళ్ళు చూసుకున్నట్టు ఉండేది. అయినా ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు పెరటి గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గోడ అవతల మల్లక్క ఇల్లు. అక్కడ ఐదారుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ రేడియో వింటారు. తునికాకు కత్తిరించే కత్తెరల చప్పుడు ఎక్కడ ఆగితే అక్కడ తాను చెప్పింది బాగున్నట్టు.

మూడేళ్ళ కిందట భార్య వజ్రమ్మ పోయినప్పుడు మల్లక్క పదకొండు రోజులు రేడియో ముట్టలేదు. ఆ తరువాత కూడా గోడ ఇవతలికి వినపడకుండా తగ్గించి పెట్టుకునేది. ఒకరోజు లింబాద్రి సారే వెళ్ళి, "మల్లక్కా, జెర పెద్దగ వెట్టుండ్రి. ఇంట్ల మరీ సప్పుడు లేకుంట అయితున్నది" అన్నాడు. ఆమె రేడియోను కిటికీలోకి జరిపి, దాని ముఖం ఆయన ఇంటివైపు తిప్పి పెట్టింది. అది ఇప్పటికీ అటే తిరిగి ఉంది.

జగిత్యాల కాలేజీలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన ఆయనకు ఈ రేడియో పని అప్పగించింది మాధవి. ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు రేడియో స్టేషన్‌లో కార్యక్రమాలు తయారుచేస్తుంది. జనం నోట నానిన పాటల చరిత్ర చెప్పాలి, పదమూడు వారాలు, వారానికి అర్ధగంట. గ్రామఫోను రికార్డుల కాలం నుంచి క్యాసెట్ల దాకా, అక్కడినుంచి సెల్‌ఫోన్లలో మోగే పాటల దాకా. ఒక్కో వారం ఒక పాటను పట్టుకుని అది ఎక్కడ మొదలైంది, ఎవరెవరి నోట పడి ఎట్లా మారిందీ వివరించాలి. 'పాట పుట్టిన ఊరు' అని పేరు పెట్టింది లింబాద్రి సారే. ఆ పేరు మీద ఆయనకు మొదట్లో చాలా ముచ్చటగా ఉండేది.

ఆరో భాగం 2011లో సకల జనుల సమ్మె మొదలైన వారంలోనే ప్రసారమైంది. ఆ రోజుల్లో జగిత్యాలలో గానీ కోరుట్లలో గానీ సిరిసిల్లలో గానీ ఏ దీక్షా శిబిరం ముందు నుంచి నడిచినా ఒక పాట తప్పకుండా చెవిన పడేది. డప్పుంటే డప్పు మీద, లేకపోతే చప్పట్ల మీద పాడేవాళ్ళు.

నడుము వంచితిమమ్మ పొద్దు పొడవంగ
నడుమెత్తె పొద్దేది సెల్లెలా
కాళ్ళకిందా నీళ్ళు, కండ్లల్లనూ నీళ్ళు
నడుమెత్తె పొద్దేది సెల్లెలా
సిరిసిల్ల తొవ్వల్ల వస్తున్నదంటనే
నడుమెత్తె పొద్దమ్మ సెల్లెలా

వంగిన నడుము ఎత్తే పొద్దంటే ఇప్పుడు జనానికి తెలంగాణ వచ్చే పొద్దు. కానీ లింబాద్రి సారు ఆ పాటను అరవై ఏళ్ళ కిందట, గుంట మగ్గం పక్కన బొంత మీద పడుకుని, తన తండ్రి నాంపెల్లి నోట విన్నాడు. ఆరో భాగంలో ఆ మాటే చెప్పాడు. "ఈ పాట పుట్టిన ఊరు సిరిసిల్ల. కట్టినవాడు నాంపెల్లి అనే చేనేత కార్మికుడు. ఆయన మా నాయన" అన్నాడు. అక్కడ ఆయన గొంతు కొంచెం వణికింది. మాధవి ఆ ముక్కను మళ్ళీ రికార్డు చేయకుండా అట్లాగే ఉంచింది.

పాఠం చెప్పిన అలవాటు కొద్దీ రెండు రుజువులు కూడా చూపించాడు. ఒకటి, పాటలోనే ఊరి పేరుంది. రెండోది ఆయన సొంతంగా కనిపెట్టింది. వానాకాలంలో సిరిసిల్లలో గుంట మగ్గాల గుంతల్లోకి నీళ్ళు ఊరేవి. నేతగాడు ఆ నీళ్ళలోనే కాళ్ళు పెట్టుకుని తొక్కుడు చెక్కలు తొక్కేవాడు. "కాళ్ళకిందా నీళ్ళు అన్న మాట మగ్గం గుంతలో కూర్చున్నవాడికి తప్ప తట్టదు" అని ముగించాడు.

గోడ అవతల కత్తెరలన్నీ ఆగిపోయాయి. కాసేపటికి గోడ మీద మల్లక్క తల కనిపించింది.

"సారూ, గీ పాట మీ నాయినదా! ఇన్నొద్దులు మాకు చెప్పకపోతిరి?"

"చెప్పే మోకా రాలె మల్లక్కా."

"వజ్రక్క ఉంటే వాడకట్టంత తిరిగి చెప్పేది. మీరేమో ఏకంగ రేడియోల చెప్పవడ్తిరి."

ఆయన నవ్వాడు. అంత నవ్వు ఆ ఇంట్లో చాలా రోజులకు వచ్చింది. మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి చిన్ననాటి దోస్తు మార్కండేయులు ఫోన్ చేశాడు. అతనికి పద్దెనిమిది పవర్‌లూమ్‌లున్నాయి. ఆ చప్పుడులో బతికినవాడు కాబట్టి ఫోన్‌లోనూ అరిచే మాట్లాడతాడు.

"అరేయ్ లింబాద్రీ! విన్నం రా! నాంపెల్లి కాక ఫోటో ఉన్నదా నీ దగ్గర? దసరాకు మన శిబిరంల పెద్ద ఫ్లెక్సీ కడ్తున్నం. ఉద్యమ పాట రాసినోడు మనోడేనని జనానికి తెల్వాలె గదరా!"

తండ్రిది ఒకే ఒక్క ఫోటో ఉంది. ముందు పళ్ళు రెండు విరిగినందువల్ల నాంపెల్లి ఫోటోలో మూతి గట్టిగా బిగించుకుని ఉంటాడు. నవ్వాల్సి వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఇల్లు లేదు, పొలం లేదు, మగ్గం కూడా ఎప్పుడో కట్టెల కింద పోయింది. తండ్రివని చెప్పుకోవడానికి లింబాద్రి సారుకు మిగిలినవి ఆ ఫోటో, ఈ పాట. ఫోటో జాగ్రత్తగా కవరులో పెట్టి పంపించాడు.

పది రోజులకు మాధవి ఫోన్ చేసింది.

"సార్, ఒక కార్డు వచ్చింది. మల్లాపూర్ మండలం నుంచి. చదవమంటరా?"

"చదువు బిడ్డా."

"'రేడియో సారుకు నమస్కారం. మా నాయినమ్మ ముత్తమ్మ చెప్తుంటే రాస్తున్నాను. నడుమెత్తే పొద్దు పాట సిరిసిల్లది కాదు. మా నాయినమ్మ తల్లి సత్తవ్వ కట్టిన నాట్ల పాట. మీ మీద మాకు కోపం లేదు. ఒక్కసారి రేడియోలో సత్తవ్వ పేరు చెప్పాలని మా నాయినమ్మ కోరిక. ఆమె పేరు ఎక్కడా రాసి లేదు. ఇట్లు, అఖిల, ఇంటర్ మొదటి సంవత్సరం.' అంతే సార్."

లింబాద్రి సారు "కోరుట్ల శిబిరంల కోరుట్ల తొవ్వల్ల అని పాడ్తున్నరు, జగిత్యాలల జగిత్యాల తొవ్వల్ల అంటున్నరు. మంచి పాటను ఎవలైనా మాదే అంటరు" అన్నాడు.

"నిజమే సార్. మీ కార్యక్రమం, మీరెట్ల అంటే అట్ల" అంది మాధవి.

ఫోన్ పెట్టేశాక కూడా కార్డులోని ఒక వాక్యం ఆయనను వదలలేదు. 'మీ మీద మాకు కోపం లేదు.' కోపంతో రాసి ఉంటే పక్కన పెట్టేసేవాడే. కోపం లేని మనిషికి జవాబు చెప్పకపోతే ఎట్లా? పైగా ఆ ముసలామె అడిగింది ఒక్క పేరు. సరే, వెళ్ళి రుజువులు నిదానంగా చెప్పి, ఆమెకు నొప్పి కలగకుండా ఒప్పించి వద్దామనుకున్నాడు. ఒప్పించగలనన్న నమ్మకం ఆయనకు ఆ రోజు పూర్తిగా ఉంది.

సమ్మెలో బస్సులు నడవడం లేదు. పాల వ్యాను అతను క్యాన్ల మధ్య కూర్చోబెట్టుకుని కోరుట్ల దాకా తెచ్చాడు. మోకాళ్ళ మీద ఎండ పడుతోందని తన తువ్వాల కూడా ఇచ్చాడు. కోరుట్ల చౌరస్తాలో ముత్తమ్మ కొడుకు యోహాను బండి మీద ఎదురుచూస్తున్నాడు. ఇళ్ళు కట్టే మేస్త్రీ. నలభై దాటిన మనిషి, నొసటి మీద పాత గాయం మచ్చ. పక్కనే టెంట్ కింద పాట నడుస్తోంది. 'కోరుట్ల తొవ్వల్ల వస్తున్నదంటనే' అని గొంతులు లేచాయి.

"చూసినవా యోహానూ, ఎట్ల మార్చిండ్రో" అన్నాడు లింబాద్రి సారు బండి ఎక్కుతూ.

"అవ్ సారూ. మా అవ్వ గూడ గదే అంటది" అన్నాడు యోహాను. ఏమంటుందో మాత్రం చెప్పలేదు.

దారి పొడుగునా వరి పొట్టకొచ్చి ఉంది. ఊరి చివర రేకుల ఇంటి ముందు, వేపచెట్టు నీడలో ముత్తమ్మ మంచం వాల్చి ఉంచింది. డెబ్బై ఏళ్ళుంటాయి. నాట్లు వేసీ వేసీ నడుము పూర్తిగా ఎత్తలేకపోతోంది. తలుపు పైన చెక్క సిలువ, దాని కింద క్యాలెండరు. మనవరాలు అఖిల మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, గడప మీద కూర్చుంది.

లింబాద్రి సారు చిన్న రికార్డరును మంచం మీద పెట్టి, ముందుగా మగ్గం గుంత సంగతి చెప్పాడు. నీళ్ళు ఎట్లా ఊరుతాయో, కాళ్ళు ఎట్లా నానిపోతాయో వివరంగా చెప్పాడు. ముత్తమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

"పాపం, మగ్గం గుంతల గూడ నీళ్ళొస్తయా?" అంది. తరువాత ఆపుకోలేక నవ్వింది. "గని సారూ, నాటేసేటోళ్ళ కాళ్ళకింద నీళ్ళు కాకపోతే ఏముంటయి?"

లింబాద్రి సారు పాటను మనసులో మళ్ళీ చెప్పుకున్నాడు. నడుము వంచి, కాళ్ళు నీళ్ళలో పెట్టి, పొద్దు పొడిచిన దగ్గర నుంచి. నాటు మడిలో వంగిన ఆడవాళ్ళను ఆయన బస్సు కిటికీలోంచి వేయిసార్లు చూశాడు. పాటలోని ప్రతి మాటా వాళ్ళదే. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి ఎన్నడూ ఆ వైపు చూడాలనే అనిపించలేదు.

"మరి సిరిసిల్ల పేరు?" అన్నాడు.

"లేవుండ్రి" అంది ముత్తమ్మ.

"ఆఁ?"

"లేసి గట్టు మీద నడిసినట్టు నడువుండ్రి సారూ. చెప్పుడు కన్న చేసి సూపెడితే తెలుస్తది."

ఆయన లేచి వాకిట్లో నాలుగడుగులు వేశాడు. ముత్తమ్మ మేకకు వేసిన పచ్చగడ్డిలోంచి గుప్పెడు తీసి, కట్టగా పట్టుకుని, వంగిన నడుముతోనే వచ్చి ఆయన పాదాల మీద పెట్టింది. పెట్టి, చేతులు కట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది.

"గిది నారుకట్ట. మేం నాటేస్తుంటే గట్టు మీద కొత్త మనిషి పోతే గిట్ల కాళ్ళ మీద వెడ్తం. ఇగ ఆయన ఏమన్న ఇయ్యకుంట కదలొద్దు. దొరైనా సరే, దారిన పొయ్యేటోడైనా సరే. ఇయ్యుండ్రి."

లింబాద్రి సారు జేబులు తడుముకున్నాడు. చేతికి కలం తగిలింది. తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని అఖిల వైపు చాచి, ఆ నిలబడ్డ చోటనే పాట ఎత్తుకుంది. వయసు మీద పడ్డ గొంతు, కానీ తొందర లేదు. ఒక్కో మాట దగ్గర ఆగి, నారు నేలలో గుచ్చినంత సేపు నిలిచి, తరువాతి మాటకు పోతోంది.

జగిత్యాల తొవ్వల్ల వస్తున్నదంటనే
నడుమెత్తె పొద్దమ్మ సెల్లెలా

"ఇచ్చినోని ఊరు పేరు పాటల వెడ్తం సారూ. మర్యాద. ఇయ్యాల మీది జగిత్యాల. గప్పుడు ఎవలో సిరిసిల్లాయన ఇచ్చిండు, సిరిసిల్ల అన్నం."

"ఎవలా సిరిసిల్లాయన?"

"బట్టల మూట మోసుకోని ఊరూరు తిరిగి అమ్ముకునేటాయన. నాకు తొమ్మిదో పదో ఏండ్లు. మా అవ్వ సత్తవ్వ మునుం వట్టి నాటు సాలును ముందుండి నడిపిస్తుంటే నేను నారు అందిస్తున్న. ఆయన గట్టు మీద పోతుంటే మా అవ్వ వొయ్యి నారుకట్ట వెట్టింది. ఆయన దగ్గర ఏం లేదు. మూట ఒక్కటే. మా అవ్వ ఇడ్సిపెట్టదు గదా! గంతనే ఆయన మీద పాట గూడ కట్టింది. పాట మీ నాయిన పాడేటోడు అన్నరు గదా, గా ముక్క గూడ పాడలేదా ఇంట్ల?"

"ఏ ముక్క?"

ముత్తమ్మ పాడింది.

మూట భుజమున వెట్టి, మూతికడ్డము చెయ్యి
ఒడ్డు మీద నవ్వె బావయ్య
నారుకట్టను చూసి, నలుదిక్కులను చూసి
పసుపంచు సీరిచ్చె బావయ్య

మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి ఈ లోకంలో లింబాద్రి సారుకు ఒక్కడే తెలుసు.

పసుపంచు చీర కూడా ఆయనకు తెలుసు. చూడలేదు కానీ, ఆ చీర ముచ్చట వింటూ పెరిగాడు. ఒకసారి తండ్రి తిరుగుడు ముగించుకుని ఇంటికి వచ్చినప్పుడు మూటలో ఒక చీర తక్కువైంది. "పసుపంచు చీర ఏదీ? ఎవతికి పెట్టి వచ్చినవ్?" అని తల్లి అడిగింది. తండ్రి ఏమీ చెప్పలేదు. ఆ రోజు మొదలు ఇంట్లో ఏ తగవు వచ్చినా చివరికి అది పసుపంచు చీర దగ్గరికే చేరేది. ముప్పై ఏళ్ళు చేరింది. తండ్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మగ్గంలో దిగి పాట ఎత్తుకునేవాడు. ఆ పాటే ఆయన జవాబని తల్లికి తెలియదు. అందులో బావయ్య అన్న ముక్క మింగేసి పాడేవాడని కొడుక్కీ తెలియదు. ఆ ముక్క ఇంట్లో పాడి ఉంటే ఇంకేమైనా ఉందా?

"ఆయన మా నాయినే. గా చీర ఏమైంది పెద్దవ్వా?" అని అడిగాడు. తనను సారూ అని పిలుస్తున్న మనిషిని పెద్దవ్వా అన్నట్టు గమనించుకోలేదు.

"ఆరుగురు ఆడోళ్ళు, ఒక్క చీర. ఎవలికని ఇస్తరు? మా అవ్వ చింపనియ్యలే. ఎవలింట్ల పెండ్లయితే గా పిల్ల కట్టుకోవాలె, మల్ల ఉతికి మా ఇంట్ల పెట్టాలె. గట్ల పదకొండు పెండ్లిండ్లు జేసింది గా చీర. నా పెండ్లికి గూడ గదే. ఆఖరికి పలచవడ్డంక వీనికి తొట్టెల గట్టిన."

"తొట్టెల తెగింది సారూ" అన్నాడు యోహాను నొసటి మచ్చ చూపిస్తూ. "మీ నాయిన చీర గుర్తు గిది."

"చీర మంచిదే. నువ్వే తన్నుకున్నవ్" అంది ముత్తమ్మ.

అందరూ నవ్వారు. లింబాద్రి సారు నవ్వుతూ చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళి, మధ్యలో ఆపుకున్నాడు. తన పళ్ళు బాగానే ఉన్నాయి కదా అనుకున్నాడు.

బయలుదేరే ముందు సత్తవ్వ ఫోటో ఉందా అని అడిగాడు.

"ఏడిది సారూ? చర్చి ఎన్క బొందల గడ్డల కట్టె సిలువ మీద పేరు రాపిచ్చినం. చెదలు తిన్నయి. పది ఊర్లల్ల నాట్లకు పిలిస్తే మునుం పట్టిన మనిషి. సత్తవ్వ లేంది నాటు మొదలువెట్టకపోయేటోళ్ళు. ఇయ్యాల గా పేరు నేను అనాలె, అంతే. నేను వోతే అనేటోళ్ళు గూడ ఉండరు. పాటేమో ఊరూర పాడ్తున్నరు." ఆమె ఆగి, గడ్డికట్టను మళ్ళీ మేక ముందు వేసింది. "ఒక్కసారి చెప్పుండ్రి. సాలు."

దసరా మర్నాడు లింబాద్రి సారు సిరిసిల్ల చేరాడు. దారి పొడుగునా మనసు రెండు వైపులా లాగింది. ఫ్లెక్సీ కట్టేశారు. మాట్లాడకుండా ఊరుకుంటే ఎవరూ అడగరు. ముత్తమ్మ అయితే ఇంకో కార్డు కూడా రాయించదు. ఆమె రాయించదన్నదే ఆయనకు ఎక్కువ కష్టంగా ఉంది. మరోపక్క, నోరు విప్పితే తండ్రి చేతిలో ఆ పాట ఉండదు. పాట కట్టిన నాంపెల్లి ఒట్టి నాంపెల్లి అయిపోతాడు. బట్టల మూట, విరిగిన పళ్ళు. కానీ గట్టు మీద నలుదిక్కులా చూసి, ఇంట్లో ఏమి జరుగుతుందో తెలిసి కూడా మూట విప్పిన ఆ మనిషిని ఆయన ఇంతకుముందు ఎరగడు. ఎరిగాక విడవబుద్ధి కావడం లేదు.

సమ్మెలో బొగ్గు రాక, కరెంటు లేక పవర్‌లూమ్‌లన్నీ ఆగి ఉన్నాయి. సిరిసిల్ల సందుల్లో పిచ్చుకల అరుపు వినపడటం ఆయనకు ఇదే మొదటిసారి. మార్కండేయులు మాత్రం ఆ నిశ్శబ్దంలోనూ అలవాటు చొప్పున అరిచే మాట్లాడాడు. అతని తల్లి శంకరవ్వ, ఎనభై అయిదేళ్ళ మనిషి, మూల కూర్చుని చేతిరాట్నం మీద కండెలు చుడుతోంది.

లింబాద్రి సారు జరిగింది చెప్పాడు.

"గిప్పుడా గీ ముచ్చట?" అన్నాడు మార్కండేయులు. "ఊరంత ఒక్కటై కొట్లాడుతున్నప్పుడు పాట నీదా నాదా అంటే ఎట్లరా?"

"నాదని అన్నది నేనే గదరా. ఆమె ఒక్క పేరు చెప్పుమన్నది."

"పాట ఎవలిదైతే ఏంది?"

"ఎవలిదైతే ఏంది అంటే మా నాయిన ఫోటో ఎందుకు కట్టినవ్ మరి?"

మార్కండేయులు తల గోక్కున్నాడు. "మనోళ్ళు ఎంత సంబురవడ్డరో నీకు తెల్వది. ఫ్లెక్సీల 'ఉద్యమ గీత రచయిత' అని గింతింత అక్షరాలు రాపిచ్చిన. ఇగ వాళ్ళకేం చెప్పాలె? నాటేసే ఆడామె పాటను మనదన్నమని చెప్పాల్నా?"

"అవ్. గదే చెప్పాలె. నువ్వు కాదు, నేను చెప్త. తప్పు నాది."

రాట్నం ఆగింది.

"ఏం చీర అంటివిరా లింబాద్రీ?" అంది శంకరవ్వ.

"పసుపంచు చీర పెద్దవ్వా."

"ఓరి నాంపెల్లీ!" అని ఆ ముసలమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "మీ అవ్వ నీళ్ళకొస్తే గదే ముచ్చట, బతుకమ్మకొస్తే గదే ముచ్చట. నా మొగడు ఎవతికో చీర వెట్టి వచ్చిండక్కా అని నా కొంగు వట్టుకోని ఏడ్సేది. ఎవతికిరా ఆఖరికి?"

"ఒక్కతికి కాదు. ఆరుగురికి."

శంకరవ్వ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. కొడుకు నీళ్ళు తాగించాల్సి వచ్చింది. తేరుకున్నాక ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పాట తెచ్చినోని ఫోటో ఉంటే తప్పేం లేదు. ఉండనీ. కట్టినదాని పేరు గూడ రాయి. గంతే గదరా మార్కండీ. దానికి గంత ఒర్రుడెందుకు?" అని మళ్ళీ రాట్నం తిప్పింది.

ఆ సాయంత్రం మార్కండేయులు గొణుక్కుంటూనే ఫ్లెక్సీ దించాడు. 'రచయిత' అన్న చోట తెల్లకాగితం అంటించి, ఎర్ర రంగుతో తానే 'పాట తెచ్చినవాడు' అనీ, కింద 'కట్టినది సత్తవ్వ' అనీ రాశాడు.

తరువాతి ఆదివారం కాక ఆ పై ఆదివారం పదో భాగం. లింబాద్రి సారు ఆ రోజు గోడ పక్కన కూర్చోలేదు. పొద్దున్నే పాల వ్యానులో కోరుట్లకు, అక్కడి నుంచి యోహాను బండి మీద ముత్తమ్మ ఇంటికి చేరాడు. ఊళ్ళో కరెంటు లేదు. రేడియోకు బ్యాటరీలు అయిపోవచ్చాయి. కొంచెం ప్రాణం వస్తుందని అఖిల వాటిని రెండు గంటలుగా ఎండలో పెట్టింది. పక్క ఇంటివాళ్ళు అడగకుండానే తమ టార్చిలైటులోని బ్యాటరీలు కూడా తెచ్చి ఇచ్చారు. జనం ఒక్కొక్కరే పోగవుతుంటే అఖిల రేడియోను కిటికీలో పెట్టి, వీధివైపు తిప్పింది. లింబాద్రి సారు ఆ తిప్పడం చూసి మల్లక్కను తలుచుకున్నాడు.

ఆయన గొంతు వచ్చింది. సిరిసిల్ల శిబిరంలో మైకు ముందు మాట్లాడింది అది.

"ఆరో భాగంలో నేనొక తప్పు చేశాను. 'నడుమెత్తే పొద్దు' పాట మా నాయన నాంపెల్లి కట్టలేదు. మల్లాపూర్ పక్క ఊరిలో నాటు వేసిన సత్తవ్వ కట్టింది. మా నాయన ఆమెకు ఒక చీర ఇచ్చాడు. ఆమె ఆయనకు ఈ పాట ఇచ్చి, మన ఊరి పేరు అందులో పెట్టి పంపించింది. సత్తవ్వ పది ఊళ్ళలో మునుం పట్టిన మనిషి. పాట కట్టిన మనిషి సత్తవ్వ."

ముత్తమ్మ చేతిలో ఉన్న వక్క నోట్లో వేసుకోవడం మరిచిపోయింది.

రేడియోలో గుంపులోంచి ఎవరో, "అయితే మన పాట కాదా సారూ?" అన్నారు. కొందరు గుసగుసలాడారు. ఒక కుర్చీ కిర్రుమంది. ఆ ముక్కలు తీసేద్దామా అని మాధవి అడిగినప్పుడు, ఉండనిమ్మన్నది లింబాద్రి సారే. ఆ గుసగుసల మధ్య నుంచి ఒక ముసలి గొంతు, మైకుకు చాలా దూరంగా, ఎవరూ అడక్కుండానే ఎత్తుకుంది. శంకరవ్వది.

మల్లాపురం తొవ్వల్ల వస్తున్నదంటనే
నడుమెత్తె పొద్దమ్మ సెల్లెలా

రెండోసారికి పదిమంది కలిశారు. మూడోసారికి శిబిరమంతా అందుకుంది. మగ్గాల చప్పుడుకు పైన గొంతు లేపడం అలవాటైన మనుషులు. మగ్గాలు ఆగి ఉన్న ఊరిలో ఆ అరుపు పాటగా మారి, డప్పు కలిసి, చిన్న రేడియోలో ఇమడక గరగరలాడుతూ వచ్చింది. మల్లాపురం, మల్లాపురం అని సిరిసిల్ల పాడుతోంది. వీధిలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ పాటికి జగిత్యాలలో మల్లక్క కిటికీలోని రేడియో, మనిషి లేని తన ఇంటివైపు తిరిగి ఇదే పాడుతుంటుందని లింబాద్రి సారుకు తోచింది.

పాట అయిపోయింది. ముత్తమ్మ చాలాసేపటికి వక్క నోట్లో వేసుకుంది.

"ఒక్కసారి చెప్పుమంటే మూడుసార్లు చెప్తిరి సారూ."

"ఆరో భాగంల మా నాయిన పేరు మూడుసార్లు చెప్పిన పెద్దవ్వా. సరిసమానం."

ఆమె తల ఊపింది. కొంగు చివరతో కళ్ళు ఒత్తుకుని, ఆ కొంగునే నడుముకు బిగించుకుంది.

"అంత మంచిగనే ఉంది గని, గంత ఉరుకుడేంది? మీ సిరిసిల్లోళ్ళు ఎవలో తరుముతున్నట్టు పాడ్తున్నరు. గా జోరుకు నాటేస్తే నడుములు ఇరుగుతయి." మంచం మీద ఆయన పక్కన కూర్చుంటూ రికార్డరు వైపు గడ్డం చూపించింది. "గా డబ్బీ వెట్టుండ్రి. నిమ్మలంగ ఎట్ల పాడాల్నో చెప్త. వాళ్ళకు వినిపియ్యుండ్రి."

లింబాద్రి సారు రికార్డరు తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.